ముందు కరెంటు బిల్లు అడిగిన సోలార్ షాపు

దేవరకొండలో మా డాబా మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టించాం. ఇళ్ల మీద సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ 78 వేలు మా ఆయన ఖాతాలో పడ్డాకే ఈ రివ్యూ రాస్తున్నా. ప్యానెల్స్ ఎక్కిన మర్నాడే ఐదు స్టార్లు ఇచ్చేసే రివ్యూల మీద నాకు నమ్మకం లేదు. సోలార్ షాపు సత్తా తెలిసేది సబ్సిడీ పడ్డ రోజునే.

బిగించినవాళ్లది నల్గొండ. షాపు పేరు రాయను. వాళ్లకంటే ముందు ఇంటికి వచ్చిపోయిన ఒక ఏజెంటు గురించి కూడా చెప్పాలి. అతని కంపెనీ పేరు దాచి వీళ్ల పేరు మాత్రం పెడితే ఇది ప్రకటన కింద జమ అవుతుంది.

నాది జిరాక్స్, డీటీపీ షాపు. కింద షాపు, పైన ఇల్లు. పింఛన్లు, స్కాలర్‌షిప్‌లు, రేషన్ కార్డులో పేర్లు ఎక్కించడం, రోజంతా ఊరివాళ్ల దరఖాస్తులు నింపడమే నా పని. అర్హత లేక వెనక్కి వచ్చే దరఖాస్తులు నేను తక్కువే చూశాను. ఆధార్‌లో ఒక తీరు, పాస్‌బుక్‌లో ఒక తీరు పేరుండి తిరిగొచ్చేవే ఎక్కువ. సోలార్‌లో ఈ తంటా ఇంకా పెద్దది. స్కాలర్‌షిప్ ఆగితే మళ్లీ అప్లై చేసుకోవచ్చు. ఇక్కడ రెండు లక్షలు ముందే పెట్టి, ప్యానెల్స్ డాబా మీద ఎండుతుంటే, అప్పుడు తెలుస్తుంది కాగితం తప్పుందని.

ఆ ఏజెంటు మంచి మాటకారి. కౌంటర్ మీద బ్రోచర్ పరిచి ప్యానెల్ పాతికేళ్లు పనిచేస్తుందని, మీటరు వెనక్కి తిరుగుతుందని చెప్పుకుంటూ పోయాడు. ధర కూడా అందరికంటే తక్కువ. "సబ్సిడీ సంగతి మాకు వదిలేయండి మేడం. ముందు ప్యానెల్స్ ఎక్కిద్దాం, పేపర్లు తర్వాత చూసుకుందాం" అన్నాడు. పోర్టల్‌లో తన ఫోన్ నంబరే ఇస్తాడట, ఓటీపీల కోసం మాకు ఇబ్బంది ఉండకూడదని. షాపు మీటరుకు బిల్లు ఎక్కువొస్తోంది కదా, ప్లాంటు దానికే కలుపుదామని కూడా అన్నాడు.

సబ్సిడీ గురించి చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా పనికొచ్చేది కాదు. సూర్యఘర్‌లో వరస ఇట్లా ఉంటుంది: ముందు పోర్టల్‌లో మన పేరుతో, మన నంబరుతో రిజిస్ట్రేషన్, దరఖాస్తు. తర్వాత డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, ఓకే చేయాలి. పది కిలోవాట్ల లోపు వాటికి సాంకేతిక పరిశీలన అవసరం లేదని 2024లో రూల్ మార్చారు కాబట్టి ఇది పెద్దగా ఆగదు. ఆ తర్వాత పోర్టల్‌లో నమోదైన వెండర్‌తోనే, అంటే సోలార్ షాపుతోనే బిగింపు. తనిఖీ, నెట్ మీటర్ (మనం వాడిన కరెంటునూ, లైన్‌లోకి పంపిన కరెంటునూ లెక్కించే మీటరు), ప్లాంటు నడుస్తోందని ఇచ్చే కమిషనింగ్ సర్టిఫికెట్, చివరికి సబ్సిడీ. ప్రతి మెట్టు దగ్గరా ఓటీపీ, మెసేజ్ ఆ రిజిస్టర్ చేసిన నంబరుకే వస్తాయి. ఆ నంబరు ఏజెంటుదైతే మన దరఖాస్తు ఎక్కడ ఆగిందో మనకే తెలియదు. షాపు మీటరు సంగతి సరేసరి. అది కేటగిరీ-2, అంటే వ్యాపార కనెక్షన్. ఈ సబ్సిడీ ఇళ్ల కనెక్షన్లకే.

మా ఆయన మాత్రం ధర చూసి మెత్తబడ్డాడు. నేను డీసీఆర్ ప్యానెల్సేనా అని అడిగాను. "అన్నీ ఇండియావే మేడం" అన్నాడు ఏజెంటు. కిటుకంతా ఆ జవాబులోనే ఉంది. డీసీఆర్ అంటే ప్యానెల్ ఒక్కటే ఇక్కడిదైతే చాలదు, లోపలి సెల్స్ కూడా మన దేశంలో తయారై ఉండాలి. బయటి దేశపు సెల్స్ తెచ్చి ఇక్కడ అద్దం, ఫ్రేము బిగించినా "ఇండియావే" అనొచ్చు. అవి కరెంటు బాగానే ఇస్తాయి, సబ్సిడీ మాత్రం ఇప్పించవు. ధర తక్కువ ఎందుకో అప్పుడు అర్థమైంది. డీసీఆర్ అని కొటేషన్ మీద రాసి స్టాంపు వేసి ఇమ్మంటే మళ్లీ వస్తానన్నాడు, రాలేదు.

నల్గొండ షాపు మా ఆడబిడ్డ చెబితే తెలిసింది. వాళ్లింటి మీద పెట్టింది వీళ్లే. షాపులో అడుగుపెట్టాక ఓనర్ అడిగిన మొదటి మాట: "కరెంటు బిల్లు తెచ్చిండ్రా అమ్మా? మీటరు ఎవరి పేరు మీద ఉంది?"

మా మామ పేరు మీద ఉంది. ఆయన పోయి ఏళ్లు గడిచినా బిల్లు ఆయన పేరుతోనే వస్తోంది, కడుతున్నాం. మా వీధిలో చాలా ఇళ్లకు ఇదే తీరు. ఓనర్ బిల్లు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇప్పుడైతే ప్యానెల్స్ ముచ్చట వద్దమ్మా. పేరు మార్పించుకొని రండి, అప్పుడు కొటేషన్ ఇస్తా" అన్నారు. అడ్వాన్స్ తీసుకోలేదు. వచ్చిన గిరాకీని వాపసు పంపే వ్యాపారిని నేను చాలా కాలానికి చూశాను. మార్కుల్లో సగం అక్కడే వేసేశాను.

పేరు మార్పిడికి మరణ ధ్రువపత్రం, మీసేవలో పెట్టి తహసీల్దార్ ఆఫీసు నుంచి తెచ్చుకునే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మా ఆయన పేరుతో ఉన్న ఇంటి పన్ను రసీదు, మిగతా వారసులకు అభ్యంతరం లేదని నోటరీ చేయించిన కాగితం పెట్టాం. చెప్పడానికి ఒక వాక్యం. చేయడానికి ఆడబిడ్డలిద్దరినీ, మరిదినీ ఒకే రోజు నోటరీ దగ్గర కూర్చోబెట్టాలి. మీటరు పేరు మారితే ఇల్లే రాసిచ్చినట్టు కాదని మా చిన్నాడబిడ్డకు నచ్చజెప్పేసరికి రెండుసార్లు చాయ్ అయిపోయింది. సోలార్ ఆలోచన ఉన్నవాళ్లెవరైనా ఈ పని మాత్రం ఇవాళే మొదలుపెట్టండి, ప్యానెల్స్ సంగతి ఎప్పుడైనా చూసుకోవచ్చు. పాత బకాయి ఏమైనా ఉంటే అదీ ఇప్పుడే కట్టేయండి.

పేరు మారాక షాపు కుర్రాడు ఆధార్, కొత్త బిల్లు, పాస్‌బుక్ మూడూ పక్కపక్కన పెట్టి ఒక్కో ఇంగ్లీషు అక్షరం మీద పెన్ను పెట్టి చూశాడు. నేను రోజూ చేసే పనే కాబట్టి ముచ్చటేసింది. మన పేర్లతో వచ్చే చిక్కులు ఇంతా అంతా కావు. లక్ష్మిని ఆధార్‌లో ఎక్స్‌తో, బ్యాంకులో కేఎస్‌హెచ్‌తో రాయించుకున్నవాళ్లు నా దగ్గరికి వారానికి ఒకరైనా వస్తారు. తండాల నుంచి వచ్చేవాళ్లకు ఆధార్‌లో రమావత్, కేతావత్ ముందు ఉంటుంది, మీటరు మీద వెనక ఉంటుంది. కొందరికి ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమై ఉంటుంది. మా ఆయన ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, బ్యాంకులో పొడి అక్షరం ఉంది. బ్యాంకుకు పోయి సరిచేయించుకొని రండి అన్నాడు కుర్రాడు. ఇంత చిన్నదానికి ఏమవుతుందిలే అని మా ఆయన గొణిగాడు గానీ పోయి చేయించుకొచ్చాడు.

మా జిల్లాలో బ్యాంకు దగ్గర ఇంకో మెలిక ఉంది. గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయాయి. చాలామంది దగ్గర ఇంకా పాత పాస్‌బుక్కే, దాని మీద పాత ఐఎఫ్ఎస్‌సీ. 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిన ఆంధ్రా బ్యాంకు చెక్కుబుక్కులు ఇప్పటికీ బీరువాల్లో భద్రంగా ఉన్నాయి. అందులోంచి ఒక చెక్కు చించి, రెండు గీతలు కొట్టి క్యాన్సిల్ చేసి, సబ్సిడీ కోసం అప్‌లోడ్ చేయమని నా దగ్గరికే తెచ్చినవాళ్లున్నారు. కొత్త చెక్కు తీసుకోండి, లేదా కొత్త ఐఎఫ్ఎస్‌సీ ఉన్న పాస్‌బుక్ మొదటి పేజీ వేయించుకోండి.

కొటేషన్ దగ్గరికి వస్తే, వీళ్లు 540 వాట్ల ప్యానెల్స్ ఆరు రాశారు. మొత్తం 3,240 వాట్లు, ప్యానెల్స్ కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ మూడు కిలోవాట్లు. ఇంకో చోట అడిగితే 550వి ఐదు వేసి దాన్నే మూడు కిలోవాట్లు అన్నారు. ఐదు 550లు 2,750. సబ్సిడీ లెక్క మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30 వేలు, మూడోదానికి 18 వేలు, అంతటితో 78 వేల దగ్గర ఆగిపోతుంది. ప్యానెల్స్ మొత్తం, ఇన్వర్టర్ కెపాసిటీ ఈ రెండింట్లో ఏది తక్కువైతే దాన్నే చూస్తారు. ఐదు ప్యానెల్స్‌తో మూడు నిండదు, 78 వేలు పూర్తిగా రావు. తిరస్కరణ అని ఎవరూ అనరు గానీ కొంత డబ్బు అట్లా జారిపోతుంది. అలాగని మూడు దాటి ఐదు కిలోవాట్లు పెట్టుకున్నా సబ్సిడీ పైసా పెరగదు. ఎంత పెడదామని అడిగితే ఓనర్ మా పాత బిల్లులు చూసి మూడు చాలన్నారు. ఎక్కువ అమ్ముకోవాలని చూడలేదు.

ఎత్తు స్ట్రక్చర్‌తో కలిపి రెండు లక్షల పదివేలు అయింది. సోలార్ పరికరాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5కు తగ్గింది, బిల్లులో అది సరిగ్గానే వేశారు. సబ్సిడీ తీసేసి మిగతాది ఇవ్వండి, సబ్సిడీ మొత్తానికి చెక్కు రాసి మాకివ్వండి అనే షాపులు కూడా ఉన్నాయని విన్నాను. సబ్సిడీ ఎప్పుడూ వినియోగదారుడి ఖాతాకే వస్తుంది, అట్లాంటి లెక్కలకు ఒప్పుకోవద్దు. వీళ్లు మొత్తం ధర చెప్పి, మొత్తానికీ రసీదు ఇచ్చారు. చేతిలో డబ్బు లేనివాళ్లకు మూడు కిలోవాట్ల దాకా రెండు లక్షల వరకు తనఖా లేని లోను, కేంద్రం లోన్ల పోర్టల్ జనసమర్థ్ ద్వారా ఉంది. మేం తీసుకోలేదు కాబట్టి దాని గురించి ఇంతకంటే చెప్పను.

బిగింపు రోజు నాకు బాగా గుర్తుండిపోయింది సీరియల్ నంబర్ల పని. ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద సీరియల్ నంబరు ఉంటుంది. ఒక్కసారి స్ట్రక్చర్ మీద బోల్టులు బిగిస్తే దాన్ని చదవాలంటే కింద పడుకోవాల్సిందే. కుర్రాడు ఆరు ప్యానెల్స్‌ను వెనక వైపు కనిపించేలా గోడకు ఆనించి ఒక్కోదాని స్టిక్కర్ దగ్గరగా ఫోటో తీశాడు, ఒక ఫోటోలో ఎండ మెరుపు పడి అంకె కనిపించకపోతే ఎండకు తన టవల్ అడ్డుపెట్టి మళ్లీ తీశాడు. తర్వాత ఫోన్‌లో ఆ నంబర్లు కొట్టి అవి డీసీఆర్‌వేనని మాకు చూపించాడు. పోర్టల్‌లో రాసే సీరియల్ నంబర్లలో ఒక అంకె తప్పినా అది డాబా మీది ప్యానెల్ కాదు, ఇంకెవరిదో అవుతుంది. ఈ ఫోటోలన్నీ మాకూ పంపమన్నాను, పంపాడు. నా కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్‌లో ఉన్నాయి.

బిగించాక మా ఆయనను ప్యానెల్స్ పక్కన నిలబెట్టి లొకేషన్ ఆన్ చేసి ఫోటో తీశారు. దరఖాస్తు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే నిలబడాలి, ఫోటో మీద అక్షాంశ రేఖాంశాలు పడాలి. మా ఆయన లుంగీ మీద ఉన్నాడు, ప్యాంటు వేసుకొస్తానని కిందికి పోయాడు. వచ్చేసరికి మబ్బు పట్టింది. సబ్సిడీకి ప్యాంటు అవసరం లేదని కుర్రాడు నవ్వుతూనే ఉన్నాడు.

మూడు ఎర్తింగ్ గుంతలు తీశారు: ప్యానెల్స్‌కు ఒకటి, ఇన్వర్టర్ నుంచి ఇంటికి పోయే ఏసీ కరెంటు వైపుకు ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి. తనిఖీకి వచ్చిన డిస్కం ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) సార్ వాటిని చూశాకే మిగతావి చూశారు. నెట్ మీటర్ పెట్టారు, కమిషనింగ్ సర్టిఫికెట్ పోర్టల్‌లో వచ్చింది. చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకొని డబ్బు కోసం ఎదురుచూస్తుంటారు. అది దానంతటది రాదు. మళ్లీ పోర్టల్‌లోకి పోయి బ్యాంకు వివరాలు, చెక్కు ఫోటో పెట్టి సబ్సిడీకి మనమే అడగాలి. మా దరఖాస్తులో ఆ పని కుర్రాడు ఫోన్‌లో గుర్తుచేశాడు, చెక్కును నేనే నా స్కానర్ మీద పెట్టి పంపాను. ఫోన్‌తో వంకరగా తీసిన ఫోటోలో ఖాతా నంబరు చివరి అంకె నీడలో పోతుంది, ఇది నా షాపు అనుభవం. నెల తిరగకముందే డబ్బు పడింది.

ఇక కరెంటు సంగతి. ఎండ బాగున్న రోజు కిలోవాట్‌కు నాలుగు యూనిట్ల చొప్పున పన్నెండు దాకా వస్తోంది. మాకు ఎండాకాలం వాడకం నెలకు 300 యూనిట్లు దాటేది. 200 దాటిన ఇంటికి మొదటి యూనిట్ నుంచే 5 రూపాయల 10 పైసలు, 200 పైన 7 రూపాయల 70, 300 పైన 9 రూపాయలు. ఆ పై రేట్ల దెబ్బ ఇప్పుడు లేదు. రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకంలో 200 యూనిట్ల లోపు వాడి జీరో బిల్లు అందుకుంటున్నవాళ్లు మాత్రం, పక్కింట్లో పెట్టారని పెట్టుకోకండి. మిగిలేది ఏమిటో ముందు లెక్క వేసుకోండి. ఈ మాట కూడా నల్గొండ ఓనర్ నోటి నుంచే విన్నాను. లైన్‌లో కరెంటు పోతే మన సోలార్ కూడా ఆగిపోతుందని, బ్యాటరీ లేని ప్లాంటుకు అది రక్షణ కోసం పెట్టిన ఏర్పాటని ముందే చెప్పారు. చెప్పకపోతే మొదటి పవర్‌కట్ రోజే గొడవయ్యేది.

నచ్చనివి కూడా ఉన్నాయి. నెట్ మీటర్‌కు కట్టాల్సిన డబ్బు కొటేషన్‌లో రాయలేదు, తర్వాత అడిగారు. కాగితాల విషయంలో అంత పట్టింపు ఉన్నవాళ్లు ఈ ఒక్క లైను ఎందుకు వదిలేశారో! ఎర్తింగ్ గుంతల మట్టి గేటు పక్కన కుప్ప పోసి వెళ్లిపోయారు, మేమే ఎత్తించుకున్నాం. ఇన్వర్టర్‌ను వైఫైకి కలుపుతామన్న కుర్రాడు ఫోన్ ఎత్తడం మానేశాడు, చివరికి మా అబ్బాయి వీడియోలు చూసి కలిపాడు. వెండర్ ఐదేళ్ల మెయింటెనెన్స్ చూడాలని స్కీములోనే ఉంది, వీళ్లూ రాసిచ్చారు. ఖిల్లా వైపు నుంచి కోతులు వచ్చి ప్యానెల్ అంచు మీద నుంచి అంచు మీదికి దూకుతున్నాయి, ఒక కేబుల్ క్లిప్ ఊడింది. ఫిర్యాదు చేస్తే "వచ్చే వారం మీ వైపు పనుందమ్మా, అప్పుడు చూస్తం" అన్నారు. ఆ వారం ఇంకా రాలేదు.

ప్యానెల్స్ ఏ నీళ్లతో కడగాలో కూడా వాళ్లు చెప్పలేదు. మా బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో మా వైపువాళ్లకు చెప్పక్కర్లేదు, ఆరితే అద్దం మీద తెల్లటి మరకలు పడుతున్నాయి. మిషన్ భగీరథ కుళాయి నీళ్లు ఒక బకెట్ పక్కన పెట్టుకొని పొద్దున్నే ఎండ ఎక్కకముందే మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాం.

దరఖాస్తు పనికి ఐదుకు ఐదు, బిగింపుకు నాలుగు, బిగించాక సర్వీసుకు రెండు. దేవరకొండ, కొండమల్లేపల్లి, డిండి వైపువాళ్లు షాపు నంబరు కావాలంటే మా జిరాక్స్ షాపులో అడగండి. వచ్చేటప్పుడు కరెంటు బిల్లు, పాస్‌బుక్, ఆధార్ పట్టుకొని రండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు షాపు మూసి ఉంటుంది.